ఇక్కడ నకలు మాత్రమే దొరుకును

ఐదేళ్ల క్రితం జూన్‌లో, డిగ్రీ పరీక్షలు రాసిన నెలకే, సిద్దిపేటలోని ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో స్క్రిప్ట్ అసిస్టెంట్‌గా చేరాను. మూడేళ్లు చేసి మానేశాను. మైకు ముందు మాట్లాడే పని ఉండదని చెప్పాకే ఒప్పుకున్నాను. శనివారం వచ్చే పావుగంట హాస్య కార్యక్రమానికి మాటలు రాయడం నా పని. సినిమా హీరోలు, టీవీ యాంకర్లు, నాయకులు అందరూ అందులోకి వచ్చేవాళ్లు. అందరి గొంతూ ఎల్లేశం అన్నదే.

ఎల్లేశం అన్న సొంతూరు వర్గల్. పెళ్లిళ్లలో మిమిక్రీ చేసి పేరు తెచ్చుకున్నాడు. ఒక గొంతు పట్టుకోవాలంటే ముందు ఆ మనిషి ఊపిరి వినాలనేవాడు. ఎక్కడ ఆగుతాడు, ఏ మాట ముందు గొంతు సవరించుకుంటాడు అన్నది దొరికితే మిగతాది అదే వస్తుందట.

నేను రాసిన కాగితం మీద స్టేషన్ ఇన్‌చార్జి సుదర్శన్ సార్ సంతకం పెడితేనే రికార్డింగ్. స్కెచ్‌కు ముందూ వెనుకా ఒక హెచ్చరిక వాక్యం తప్పనిసరి. "ఈ కార్యక్రమంలోని స్వరాలు అనుకరణలు మాత్రమే" అని ఉండేది. అనుకరణ అంటే ఏమిటని మా అమ్మ అడిగింది. ఇంకొకరిలా మాట్లాడడాన్ని మా దగ్గర నకలు కొట్టడం అంటారు. అందుకని దుకాణం బోర్డులా మార్చాను: "ఇక్కడ నకలు మాత్రమే దొరుకును. అసలు దొరకదు." అమ్మకు వినిపిస్తే నవ్వింది. సార్ కూడా నవ్వి సంతకం పెట్టారు. ఆ వాక్యాన్ని డైరీలో ఎక్కించుకున్నాను కూడా.

ఆ వారం స్కెచ్ భూమి కాగితాల మీద. అందరికీ గొంతు తెలిసిన ఒక పెద్ద నాయకుడు రేడియోలోనే కౌంటర్ తెరిచి, వచ్చినవాళ్లకల్లా ఒక్కో వాగ్దానం రాసి ముద్ర వేసి ఇస్తుంటాడు. పేరు చెప్పం, గొంతే చెబుతుంది. "సోమవారం పొద్దుగాల పదింటికి రేడియో ఆఫీసుకు రాండ్రి. కాయితం లేనోల్లకు కాయితం ఇప్పిస్త, గది నా పూచీ" అని ఎల్లేశం అన్న ఆ గొంతులో అంటుంటే మేమంతా నవ్వు వినపడకుండా నోళ్లు మూసుకున్నాం. ఒక్క టేక్‌లో అయిపోయింది.

సోమవారం పదింటికి లచ్చవ్వ వచ్చింది.

తొగుట వైపు ఊరు ఆమెది. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో చనిపోయిన భర్త పేరున్న భూమి పాసుబుక్కు. పహాణీ నకలు కావాలంది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పాత రికార్డు పహాణీ. ఆఫీసులో దాని కాపీని నకలు అంటారు. ఆ అర్థం నాకు తెలియనిదేం కాదు, రాసేటప్పుడు తట్టలేదు. ఆమె బీడీలు చుట్టే చోట రేడియో మోగుతుంటుందట. అక్కడికి మా ప్రసారం గరగరమంటూ చేరుతుంది. ఆమెకు అందినవి మూడే: ఆ గొంతు, సోమవారం పదింటికి రేడియో ఆఫీసు, నకలు.

కూర్చోబెట్టి, అది నవ్వులాటకు చేసిందని చెప్పాను. సారే చెప్పిండు, నా చెవులతోని విన్న, అని ఆమె పట్టు విడవలేదు. సారంటే ఆమెకు ఆ నాయకుడే. నా చెప్పడం కూడా ఆమెకు వినపడేంత గట్టిగా లేదేమో. చివరికి ఎల్లేశం అన్న బయటికి వచ్చాడు.

"గది నేనే అవ్వా. సారు గాదు."

ఆమె అతన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వా? నువ్వు బస్సు కండక్టర్ లెక్కున్నవు. పక్కకు జరుగు, సారును పిల్వు."

వేరే దారి లేక అన్న గొంతు సవరించుకుని ఆ గొంతులో రెండు మాటలు మాట్లాడాడు. లచ్చవ్వ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని రెండు చేతులూ జోడించింది. మాట్లాడుతున్నది ఎదుటనున్న ఎల్లేశం నోరేనని చూస్తూనే జోడించింది. అన్న మాట మధ్యలో ఆపేశాడు.

గొంతు ఆగాక ఆమె చేతులు దించింది.

"గంత పెద్దమనిషి గొంతు నీకెవలిచ్చిన్రు కొడుకా?"

తర్వాత ఆమే, పదకొండింటికి మండలాఫీసులో తన పేరు పిలుస్తారని చెప్పింది. భర్త పేరు మీది రెండెకరాలు ఆమెకా, ఆయన పాలోళ్లకా, అంటే దాయాదులకా అన్న విచారణ ఆ రోజే. సారు ఇచ్చే నకలు పట్టుకుని పోతే తిరుగుండదని ముందు ఇటు వచ్చింది.

సుదర్శన్ సార్ కారులో అందరం బయలుదేరాం. అప్పటికే పదకొండు కావొచ్చింది, చేరేసరికి పన్నెండు దాటింది. మూడుసార్లు పిలిచారని, పాలోళ్లు వచ్చి వెళ్లారని, ఆమె గైర్హాజరని రాశారని గుమాస్తా చెప్పాడు. ఎక్కడికి పోయావని అడిగితే లచ్చవ్వ మమ్మల్ని చూపించలేదు.

"నకలు కోసం పోయిన."

"నకలు గీడనే ఇస్తరు గదవ్వా," అన్నాడతను.

వరండాలో బెంచీ మీద కూర్చుని, మళ్లీ విచారణ జరపమని ఆమె తరఫున దరఖాస్తు రాశాను. కారణం దగ్గర కలం ఆగింది. రేడియో కోసం నేను రాసిన మాటల వల్ల ఆమె పొరబడిందని రాసి, కింద నా పేరు పెట్టాను. సార్ చదివి తన సంతకం కూడా చేశారు. మరో తేదీ ఇచ్చారు.

ఆ తర్వాతి శనివారం స్కెచ్ లేదు. దాని బదులు క్షమాపణ ప్రసారమైంది. చదివింది నేనే, మైకులో అదే మొదటిసారి. ఆ తర్వాత పద్ధతి మారింది. ముందుగా అన్న తన సొంత గొంతులో, నేను వర్గల్ ఎల్లేశంను, నవ్వియ్యనీకె ఇంకొకలి లెక్క మాట్లాడుతున్న, అని చెప్పాలి. అరువు గొంతుతో ఎవరినీ ఎక్కడికీ రమ్మనకూడదు.

రెండో విచారణకు లచ్చవ్వ వెంట నేనూ వెళ్లాను. ఎకరం ఆమె పేరు మీదికి వచ్చింది, ఎకరం పాలోళ్లకు పోయింది. మొదటి రోజే ఆమె అక్కడ ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ పనిలో నేర్చుకున్నది ఒకటి ఉంది. గాలిలోకి వదిలే మాటను, ఆ మాట కోసమే ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషికి ముందు వినిపించి చూడాలి. నేను మా అమ్మకు వినిపించాను. మా ఇంట్లో మగ్గం ఉంది, భూమి లేదు.