పది లెక్కపెట్టేదాకా

ఏడాది బాబుకు ఒళ్లంతా నూనె రాసి, స్నానాల గదిలోకి తీసుకెళ్దామని ఎత్తుకుని పీట మీద నుంచి లేచాను. ఎదురుగా గోడ ఒక్కసారిగా నల్లబడింది. ఎంత బిగించి పట్టుకున్నా బాబు నా చేతుల్లోంచి జారిపోతున్నాడు.

"అయ్యో, బిడ్డ!" అంటూ అత్తయ్య పరుగున వచ్చి వాణ్ణి అందుకుంది. నేను గోడకు జారగిలబడ్డాను.

మేము పాండిచ్చేరి రెడ్డియార్‌పాళయంలో ఉంటాం. నేను నెలల తరబడి ఊరికే ఏడుస్తుంటే డాక్టరు దిగులు తగ్గడానికి మాత్రలిచ్చారు. "మొదట్లో నోరెండుతుంది, లేస్తే కళ్లు తిరుగుతాయి. మానేయకండి, మెల్లగా లేవండి" అన్నారు. పిచ్చిదంటారన్న భయంతో, అవి రక్తం పట్టడానికని ఇంట్లో అబద్ధం చెప్పాను. మాత్రలు మొదలుపెట్టి వారం కూడా కాలేదు.

ఆ రోజు ఏడుస్తూ నిజం చెప్పేశాను. "ఇంక మింగనత్తయ్యా."

"మానేస్తే మళ్లా మూల కూర్చోని ఏడుస్తావు గదమ్మే. మింగు. బిడ్డకు నీళ్లు నేను పోస్తాలే."

ఆవిడ కాళ్ల మీద బాబు కేరింతలు కొడుతున్నాడు. నా చేతులకు వాడి నూనె వాసన మాత్రం మిగిలింది. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, ఆ నూనె ఒంటితో వాణ్ణి నేను ఎత్తి ఉండేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున నా పెద్దపిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఇంకమీద అమ్మ లేచేటప్పుడంతా మీరు పది దాకా ఎంచాల. బిరబిరా ఎంచితే చెల్లదు. మీరు పది అనేదాకా అమ్మ లేవదు."