గోడ మీద గోరు

పరీక్ష పేపర్లలో సున్నాలు వేసేవాణ్ణి నేను. గోడలకు సున్నాలు వేసేవాడు మా నాన్న. నర్సీపట్నంలో మా చర్చి గోడలు ఆయన చేతివే. కొయ్యూరు నుంచి వచ్చే కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి సున్నం గానుగాడించి, ఆఖరి పూతను నున్నటి రాయితో రోజంతా రుద్దేవాడు. ఆరాక బొటనవేలి గోరుతో గీసేవాడు. గీత పడిందా, ఆ పూత చెక్కేసి మళ్లీ మొదలు.

డెబ్బయ్యో దశకం చివర్లో ఆయన చూపు తగ్గిపోతూ వచ్చింది. ఏడాదికి మించి చూపు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు విశాఖ డాక్టరు. ఆ వేసవిలోనే, చరిత్ర లెక్చరర్ని గదా, తోటివాళ్లతో కలిసి ఆగ్రా, జైపూర్, ఉదయపూర్ చూడటానికి బయల్దేరాను. జైపూర్ దగ్గరి కోటలో సున్నపు గోడలు పాలరాయిలా మెరుస్తాయని పుస్తకంలోంచి చదివి వినిపిస్తే నాన్న నమ్మలేదు.

"పుస్తకంలో ఏదైనా మెరుస్తాది. నువ్వు గోరెట్టి సూసి సెప్పు. నా పని దానికి సాటొస్తాదో లేదో కళ్లుండగా తెలవాలి నాకు."

తిరిగొచ్చాను. సంచి నిండా ఫొటోలు, నోటుపుస్తకం నిండా కమాన్ల కొలతలు, ఉదయపూర్ సరస్సు మీద రెండు పేజీల వర్ణన. గోడ మాత్రం ముట్టుకోలేదు. ముట్టరాదన్న బోర్డు ఉందని సాకు. నిజానికి తోటి లెక్చరర్ల ముందు మేస్త్రీ కొడుకులా కనబడటం ఇష్టం లేకపోయింది.

"గోరెట్టావేటిరా?"

"పెట్టాను నాన్నా. గీత పడలేదు. చల్లగా ఉంది."

"ఏ పక్క గోడ?"

"బయట, పడమటి గోడ."

"ఏ పూట?"

"సాయంత్రం."

ఆయన నవ్వాడు. "మే నెల్లో, సాయంత్రంపూట, పడమటి గోడ సల్లగా ఉందా? పాఠాలు పిల్లలకి సెప్పుకో నాయనా, నాకు సెప్పకు."

మళ్లీ అడగలేదు.

మరుసటి వేసవికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఈసారి ఒక్కణ్ణే వెళ్లాను. కోట లోపలి గదిలో గోడ మీద గోరు పెట్టి గీశాను. కాపలావాడు చెయ్యి లాగేసి హిందీలో తిట్టాడు. గీత పడలేదు. ఉత్తరపు గోడ, పొద్దుటిపూట, చల్లగా ఉంది. అడిగితే తడబడకుండా ఉండాలని అన్నీ కాగితం మీద రాసుకున్నాను.

యలమంచిలిలో రైలు దిగి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి వాకిట్లో చర్చి బెంచీలు వేసి ఉన్నాయి. నాన్న పోయి నాలుగు రోజులైందట. టెలిగ్రాం నేను ఖాళీ చేసిన లాడ్జికి వెళ్లింది.

"బేగి వచ్చేస్తావనుకున్నాం అన్నయ్యా," అంది చెల్లెలు. "ఎండలు గదా, ఎన్నాళ్లుంచుతాం?"

"నాన్న నన్నడిగాడా?"

"ఎటెళ్లాడన్నాడు. గోడలు సూడ్డానికన్నాను. 'మళ్లీనా?' అన్నాడు."

సమాధి సిమెంటుతో కట్టేశారు. ముందురోజే పూత పూశారట. వంగి బొటనవేలి గోరుతో గీశాను. గీత పడింది. చెక్కేసి మళ్లీ పూయమన్నాను మేస్త్రీని.

అతను నా చేతుల వంక చూశాడు. "మేష్టారూ, ఈ పని మీకేటి తెల్సండీ?"