కాదనడానికి ఒక మనిషి

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఈథర్ యెషయా అంటేనే గుర్తుపట్టేవారు. లేత్ మిషను మీద టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భూమి దేన్నీ లాగదన్నది ఆయన వాదం. ఆకాశమంతా ఈథర్ అనే కంటికి కనపడని పదార్థం నిండి ఉంది, అది అన్ని వైపుల నుంచీ మనల్ని నొక్కుతుంది, కింది నుంచి వచ్చేదాన్ని భూమి అడ్డుకుంటుంది, పైనుంచి నొక్కేదే మిగులుతుంది, అందుకే నేల మీద ఉన్నాం. అంతే. పెద్ద చదువులవాళ్లకు ఇదెందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయేవాడు. వాళ్లకు ఎప్పుడో తట్టిందనీ, చూసి వదిలేశారనీ ఆయనకు చెప్పిన పుణ్యాత్ముడు లేడు.

ఇళ్లలో ప్రార్థన కూడికలప్పుడు సాక్ష్యం చెప్పమంటే లేచి ఈథర్ సంగతే ఎత్తుకునేవాడు. దేవుడి సృష్టి గురించే కదా అని అందరూ ఆమెన్ అనేవారు. భార్య ఎలీసబెతు తల దించుకునేది. ఆ ఆమెన్ వింటే యెషయాకు ఒళ్లు మండేది. ఆయనకు కావలసింది ఎదురు అడిగే మనిషి.

అలాంటివాడు ఒక్కడే, పక్క మిషను మీద పనిచేసిన రాములు. సాయంత్రమైతే ఇరానీ హోటల్లో ఇద్దరికీ తగువే.

"గట్లయితే ఇంట్ల కూసుంటే కప్పు అడ్డముంటది గద అన్నా. మన బరువు తగ్గాలె గద?"

దానికి జవాబు కోసం యెషయా వానాకాలమంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. కప్పు పలచన, వలలోంచి నీళ్లలా ఈథర్ దూరిపోతుందని చెప్పేసరికి రాములు ఇంకోటి అడిగాడు. అంతకు మించిన సుఖం యెషయా ఎరగడు.

రాములు గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక యెషయా మల్కాజ్‌గిరిలో వాళ్లింటికి వెళ్లాడు.

"మీ ఆయన ఒక్కడే నా మాట పట్టించుకున్నాడమ్మా బుచ్చమ్మా. వాడి ప్రశ్నలు లేకపోతే నా సిద్ధాంతమే లేదు," అన్నాడు.

రాములు భార్య కల్లాకపటం తెలియని మనిషి. ఊరటగా ఉంటుందనే చెప్పింది.

"ఆయనకు గా ముచ్చట ఒక్క ముక్క సుత సమజ్ కాకపోయేది యెషయన్నా. అవునంటే అన్న పరేషాన్ అయితడు, కాదంటెనే ఖుష్ అయితడు అనేటోడు. ఇయ్యాల ఏమడగాలె అని నన్నే అడిగి పోయేటోడు. నువ్వంటే గంత పానం ఆయనకు."

యెషయా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. దోస్తు ప్రేమకు కళ్లు చెమర్చాల్సింది, చెమర్చలేదు. తన సిద్ధాంతం తప్పని తేలినా ఇంత కుంగిపోయేవాడు కాదు. తప్పో ఒప్పో చూద్దామని ఒక్కరైనా దాని దగ్గరికి రాలేదు.

తిరుగు బండి కోసం వచ్చి స్టేషన్లో బెంచీ మీద కూలబడ్డాడు. పక్కాయన ఎక్కడిదాకా అని అడిగాడు. ఇదివరకైతే అడిగిన పాపానికి ఈథర్ కథంతా వినక తప్పేది కాదు.

యెషయా లాలాగూడ అని చెప్పి ఊరుకున్నాడు.