మెర్సీ వస్తే విజిల్ మోగదు

కుళాయి కారుతోందని ఆ జైల్లో ఎవరూ చెప్పేవారు కాదు. పాత చీర అంచు చింపి కారే కుళాయికి కట్టేవారు. గుడ్డ చివర కింద చెంబు పెట్టేవారు. చుక్క ఆ గుడ్డను పట్టుకుని మెల్లగా జారి, చప్పుడు చేయకుండా చెంబులోకి దిగిపోయేది. గోదావరికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆడవాళ్ల జైల్లో ఒక్కోసారి పది పన్నెండు కుళాయిలు, దెబ్బలు తగిలి కట్లు కట్టించుకున్న పిల్లల్లా వరసగా నిలబడి ఉండేవి.

చెబితే ప్లంబరు వస్తాడు. మగవాడు లోపల అడుగు పెట్టాలంటే ముందు విజిల్ మోగాలి, ఆడవాళ్లందరూ బ్యారక్‌లోకి వెళ్లాలి, తలుపుకు తాళం పడాలి. అతను వాషరు మార్చి, టీ తాగి, సామాను లెక్క అప్పజెప్పి బయటికి వెళ్లేదాకా ఆ తాళం అలాగే ఉంటుంది. పావుగంట పనికి సగం పగలు పోయేది. దండెం మీద బట్టలు ఎండి, మళ్లీ వానకు తడిసేవి. తల్లులతో పాటు లోపల ఉంటున్న పసివాళ్లు ఊచల్లోంచి వాకిట్లో ఎండను చూస్తూ కూర్చునేవారు. అందుకని వాళ్లు కారే నీళ్లను దాచిపెట్టేవారు.

మూడేళ్ల క్రితం ఒక సోమవారం పొద్దున, ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని, భుజాన సామాను సంచీతో మెర్సీ ఆ గేటు దాటింది. చేతిలో పైపు రెంచి చూడగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్లు లేచారు. బియ్యం ఏరుతున్నవాళ్లు చేటలు దించారు. విజిల్ మోగకుండానే వరస కట్టి, తమంతట తామే బ్యారక్ వైపు నడవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికండీ అందరూ?" అని అడిగింది మెర్సీ.

"ప్లంబరొస్తున్నాడు కదా," అంది ముందున్నామె.

"వచ్చేసిందండి. నేనే."

వరస వెనక్కి తిరిగింది. గోడ మీది కాకి ఒకటి అటూ ఇటూ చూసి దిగింది. అప్పుడు వరసలో చివర నిలబడ్డ ఒక పెద్దామె వెళ్లి, ఓ కుళాయికి కట్టిన గుడ్డ విప్పింది. వెంటనే ఇంకొకామె మరో గుడ్డ విప్పింది. వాకిలంతా చుక్కల చప్పుడు లేచింది. ఎంత కాలంగా ఆపుకున్న మాటలో ఒక్కసారి మొదలైనట్టు. ఆ రోజు మెర్సీ పదకొండు కుళాయిలు బాగుచేసింది. తాళం ఒక్కసారి కూడా పడలేదు.

మెర్సీది నర్సరీల ఊరు కడియం. తండ్రి జ్ఞానప్రకాశం నర్సరీలకు నీటి పైపులు వేసేవాడు. లక్ష మొక్కల మధ్య మోకాళ్ల మీద పాకుతూ ఎక్కడ జాయింటు వదులైందో వెతికేవాడు. కూతురికి ఆయన నేర్పిన మొదటి పాఠం ఒకటే: "పైపును అడక్కమ్మా, అది చెప్పదు. మొక్కనడుగు." ఐటీఐలో ప్లంబరు ట్రేడులో చేరితే క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఆ తర్వాత పదిహేనేళ్లు నర్సరీలు, అపార్ట్‌మెంట్లు. ఇప్పుడు జైలు. మొక్కల లారీ నడిపే ఆమె భర్త ఏ రాష్ట్రంలో లోడు దించినా తోటి డ్రైవర్లతో గొప్పగా చెబుతాడు: "మా ఆవిడ జైల్లో ఉందండి. ఆదివారం చర్చికి మాత్రం వదుల్తారు."

ఈ మే నెలలో జైలు మిద్దె మీది ట్యాంకు నిండడం మానేసింది.

గోడ అవతలి గదిలో పంపు రెండు గంటలు తిరిగేది. ట్యాంకులోకి సగం నీళ్లే చేరేవి. మిగతా సగం వాకిలి అడుగున పైపులోంచి ఎక్కడో జారిపోతోంది. మనిషికి రెండు బకెట్లే అన్నారు. తర్వాత ఒకటిన్నర అన్నారు. ఇంజనీరు గణేష్‌బాబు గారు వచ్చి సూపరింటెండెంటు హేమశ్రీ గారి గదిలో కూర్చున్నారు.

"పైపు ఎటు పోయిందో కాగితం లేదు మేడం. వేసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తవ్వుకుంటూ పోవడమే. ఎనిమిది మంది మనుషులు, పది రోజులు."

"పది రోజులూ వీళ్లంతా బ్యారక్‌లోనేనా?"

"పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. తప్పదు కదండీ."

రెండు ఫ్యాన్ల గది. ముప్పై ఇద్దరు ఆడవాళ్లు, నలుగురు పిల్లలు. రోహిణి కార్తె. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మెర్సీ గొంతు సవరించుకుంది.

"నాకొక్క రోజు ఇవ్వండి మేడం."

గణేష్‌బాబు గారు నవ్వారు. మంచి నవ్వే. "పైపు ఎక్కడుందో మాకే తెలీదు. నీకెలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలీదండి. నీళ్లకి తెలుసు కదండీ."

హేమశ్రీ గారు మెర్సీ వైపు తిరిగారు. "రేపు సాయంత్రం తాళాల వేళ దాకా నీది. దొరక్కపోతే ఎల్లుండి మనుషులొస్తారు."

మర్నాడు గేటు దగ్గర వార్డరు వీరదుర్గ సామాను లెక్కపెట్టి రాసుకుంది. గునపాలు రెండు, పారలు రెండు, హాక్సా ఒకటి, బ్లేడ్లు మూడు.

"గునపం ఒక్కటి కనపడకపోతే నా ఉద్యోగం దాని వెనకే పోద్ది మెర్సమ్మా," అంది.

"నువ్వే దాని మీద కూర్చో దుర్గా. కదలదు."

మెర్సీ వాకిలంతా ఒకసారి నడిచింది. బట్టలుతికే బండ పక్కన తుంగ మొలిచి ఉంది, ఆకుపచ్చగా, చేయి వేస్తే కోసుకునేంత పదునుగా. తుంగ ఉన్నచోట తడి ఉంటుంది. నాన్న చెప్పినట్టే మొక్క చెప్పిందనుకుంది. "ఇక్కడ," అంది. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు దోపి వంతులవారీగా తవ్వారు. తొమ్మిదయింది. పది దాటింది. జానెడు దాకా తడి మట్టి. ఆ తర్వాత మోకాలి లోతుకు పొడి ఇసుక. నడుం లోతుకూ పొడి ఇసుకే. ఆ తుంగను పెంచింది బండ మీది సబ్బు నీళ్లు. పైపు ఆ చుట్టుపక్కల కూడా లేదు.

రామతులసి అనే ఖైదీ గొయ్యిలోంచి పైకొచ్చి చేతులు దులుపుకుంది. నోరున్న మనిషి. "గొయ్యి మాత్రం బాగుంది. ఓ కొబ్బరి మొక్క పెట్టుకుందాం. కాపుకొచ్చేసరికి మా శిక్షలు కూడా అయిపోతాయి."

అందరూ నవ్వారు. మెర్సీ కూడా నవ్వింది గానీ కళ్లు బ్యారక్ తలుపు వైపు పోయాయి. మూడేళ్లుగా ఈ వాకిట్లో ఆమె మూలంగా విజిల్ మోగలేదు. రేపు మోగితే, పది రోజులు వరసగా మోగితే, అది ఆమె ఓటమికి మోగినట్టే.

ఒంటిగంట దాటింది. ఎండ వాకిలిని పూర్తిగా ఆక్రమించుకుంది. మందారం ఆకులు వేలాడేసింది. బంతి మొక్కలు తలలు వాల్చాయి. తులసి కోట చుట్టూ నీడ కూడా ముడుచుకుపోయింది. మెర్సీ పడమటి గోడ నీడన కూర్చుని సీసాలో నీళ్లు తాగుతుంటే, ఎదురుగా రంగు కనబడింది. కనకాంబరాలు. చిన్న మడి. ఆకు ముడవలేదు, పువ్వు వాడలేదు. ఆ నిప్పుల ఎండలో అవి, పొద్దున్నే స్నానం చేసి వచ్చినట్టు నిటారుగా ఉన్నాయి.

ఆ మడి శ్యామలాంబది. తుని దగ్గర పల్లెటూరు ఆమెది. మొదటి రోజు కుళాయి గుడ్డ ముందుగా విప్పిన పెద్దామె ఆవిడే. లోపలికి వచ్చి పదేళ్లయింది. ఏ కేసో మెర్సీ ఎప్పుడూ అడగలేదు.

"ఎన్ని నీళ్లు పోస్తున్నారు పిన్నిగారూ వీటికి?"

"ఒక్క చెంబు. మొహం కడుక్కున్న నీళ్లు."

"ఒక్క చెంబంట," అంది రామతులసి. "మాకు తాగడానికి లేవు. ఈవిడ మొక్కలకు మాత్రం పెళ్లి భోజనం."

"పిల్లల మీద ఒట్టేయమని మొన్న అడిగావ్, వేయలేదు. నాకెందుకే ఒట్లు? ఒక్క చెంబే పోశాను," అంది శ్యామలాంబ. గొంతు పెంచలేదు. అలిసిపోయిన గొంతు అది. "కోర్టులో నమ్మలేదు. ఇక్కడా నమ్మొద్దు. మొక్కలు బతుకుతున్నాయంటే నా చేతి గుణం."

మెర్సీ మడి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. చెంబుతో పోస్తే నీరు పైపైనే ఉంటుంది. వేళ్లు కూడా పైకే వస్తాయి. అలాంటి మొక్క మధ్యాహ్నానికల్లా సొమ్మసిల్లుతుంది. కడియంలో ఆమె లక్ష మొక్కల్ని అలా చూసింది. ఇవి సొమ్మసిల్లలేదు. పై మట్టి పొడిగా, పిండిలా ఉంది. మట్టిలోకి చేతివేళ్లు దించింది. మణికట్టు మునిగింది. అక్కడ మట్టి చల్లగా, కుండ అడుగులా ఉంది.

"ఈవిడ నిజమే చెబుతోంది," అంది మెర్సీ అందరికీ వినబడేలా. "ఇవి పైనుంచి తాగడం లేదు. కిందనుంచి తాగుతున్నాయి."

రామతులసి కూడా వంగి మట్టిలో వేలు పెట్టి చూసింది.

శ్యామలాంబకు అర్థమైంది. పూలవైపు చూసింది, మెర్సీవైపు చూసింది. "అంటే నా చేతి గుణం కాదన్నమాట."

"తవ్వాలి పిన్నిగారూ. మొక్కలు తీయాలి."

పదేళ్లలో ఆవిడకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మడి ఒక్కటే. పార ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి శ్యామలాంబే కూర్చుని, మొక్క చుట్టూ చేతులు పోనిచ్చి, మట్టి గడ్డతో సహా ఒక్కొక్కదాన్ని ఎత్తసాగింది. నిద్రపోతున్న పిల్లల్ని ఒక మంచం మీదనుంచి ఇంకో మంచం మీదకు మార్చినట్టు. ఒక్క వేరు తెగలేదు.

"ఇదీ చేతి గుణమంటే," అంది మెర్సీ.

మూడడుగుల లోతులో పైపు దొరికింది. పంపు వేయమని కబురు పంపితే, తుప్పు తిన్న జాయింటు పక్కనుంచి నీళ్లు బుసబుసమని గొయ్యిలోకి పొంగాయి. ఇసుక నేల పొంగిన వాటిని పొంగినట్టే తాగేస్తోంది. ఇన్నాళ్లూ ఒక్క చుక్క కూడా పైకి కనబడకపోవడానికి కారణం అదే. మెర్సీ పంపు ఆపించి, తుప్పు తిన్న జానెడు ముక్కను కోసి తీసి, కొత్త ముక్క పెట్టి, రెండు వైపులా రబ్బరున్న క్లాంపులు బిగించింది. రామతులసి గొయ్యి అంచున బోర్లా పడుకుని, ఏది అడిగితే అది అందించింది. మాట్లాడకుండా. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ జైల్లో ఎవరూ చూడలేదు.

మళ్లీ పంపు వేశారు. మెర్సీ జాయింటు చుట్టూ అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది. లోపల నీరు పరుగెత్తుతోంది. అరచేయి మాత్రం పొడిగా ఉంది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లి, తూములోంచి నీళ్లు వాకిట్లో పడ్డప్పుడు పిల్లలు నలుగురూ దాని కిందికి పరుగెత్తారు.

"తడుస్తున్నార్రా," అని ఒక తల్లి అరిచి, తనూ వెళ్లి నిలబడింది.

ఎత్తిన మొక్కల్ని ఎక్కడ పెట్టాలో రామతులసే చెప్పింది. ఉతికే బండ పక్కన పొద్దున తవ్విన గొయ్యి ఉందిగా. దాన్ని సగం పూడ్చి, ఆరుగురు కలిసి కనకాంబరాలు నాటారు. బండ మీంచి జారే నీళ్లు రోజూ వాటికే చేరతాయి. మొదటి చెంబు రామతులసి పోసింది. శ్యామలాంబ చూసి, "మెల్లగా. మొదట్లో మెల్లగా పోయాలి," అంది.

ఆ సాయంత్రం బ్యారక్ తాళం రోజూ పడే వేళకే పడింది.

మర్నాడు గణేష్‌బాబు గారు గేటు దగ్గరికి వచ్చారు, చేతిలో చుట్టిన పెద్ద కాగితంతో. ఈసారైనా పైపు దారి గీసి ఆఫీసులో ఉంచాలని.

"లోపలికి వచ్చి ఒక్కసారి చూడాలి. విజిల్ వేయిస్తారా?" అన్నారు వీరదుర్గతో.

"వద్దండి," అంది మెర్సీ. "నేను గీసిస్తాను. మీరు రానక్కర్లేదు."

కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా బరువుకు పైపు వంపుల్లో వేసే ఎల్బోలు నాలుగు పెట్టింది. పంపు గది నుంచి గీత మొదలుపెట్టింది. తూర్పు గోడ వెంట పోనిచ్చింది. ఒకచోట ఆగి చుక్క పెట్టింది. గణేష్‌బాబు గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. ఆయన నవ్వలేదు. పెన్ను తీసి అడిగారు:

"ఈ జాయింటు దగ్గర గుర్తు ఏం రాయమంటారు మెర్సీ గారూ?"

లోపల ఎవరో బట్టలు బండకేసి కొడుతున్నారు. కుళాయిల కింద బకెట్లు నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"శ్యామలాంబ గారి పూలమడి అని రాయండి," అంది మెర్సీ.

ఆయన రాశారు.