పండుగ పేజీకి తీసిన ఫొటో

ఆ ఫొటోలో ఆమె ఎర్ర చొక్కా వేసుకున్నది నేను వేసుకోమన్నందుకేనని నేను అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు తెలుసు, ఫొటోగ్రాఫర్‌కు తెలుసు. చెప్పాల్సినవాణ్ణి మాత్రం నేనే.

మస్కట్‌లో ఒక పత్రికలో ఫీచర్లు రాసేవాణ్ణి. నా భార్య అక్కడ నర్సు. ఆ రోజుల్లో దక్షిణ చైనా నుంచి టైల్స్, ఫర్నిచర్, లైట్ల వ్యాపారులు వచ్చి స్థిరపడుతున్నారు. దూరాన కొత్త రేవు కడుతున్న దుక్మ్‌కు వాళ్ళ కంపెనీలు రాబోతున్నాయని చెప్పుకునేవారు. వాళ్ళ బతుకులూ, వాళ్ళ దేశపు వార్తలూ రాసే పని నాకిచ్చారు. వాళ్ళ గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయని వార్త వస్తే, మస్కట్‌లోని అజైబా పేటలో ఏదో ఒక టైల్స్ షాపులో కూర్చుని, ఆ యజమాని ముఖం చూసి రాయాలి. వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు.

అందుకే ఆ ఫొటోలోని ఆమె మీద ఆధారపడ్డాను. అజైబా వెనక వీధిలో ఒక చిన్న చైనా హోటల్లో వంట చేసేది. గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పల్లె ఆమెది. పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడేది. అందరూ దీదీ అనేవాళ్ళం. నన్ను పేపర్ భయ్యా అనేది. వెళ్ళగానే, "ఈ వారం మావాళ్ళ మీద ఏం అబద్ధం రాశావు?" అంటూ సూప్ గిన్నె ముందు పెట్టేది.

పండుగ పేజీలు మా దగ్గర ముందుగానే తయారవ్వాలి. ఏ పండుగైనా సరే, రాకముందే వచ్చేసినట్టు ఫొటో తీసి పెట్టుకుంటాం. ఫీచర్స్‌లో ఇది అందరికీ అలవాటే, తప్పని ఎవరికీ అనిపించదు. ఆ ఏడు చైనా కొత్త సంవత్సరానికీ అలాగే ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆ పండుగకు వాళ్ళకు అంతా ఎరుపే ఉండాలి, కానీ గోడల మీద ఒక్క ఎర్ర కాగితం లేదు. దీదీ ముదురు నీలం చొక్కాలో ఉంది. చెవి పక్కన జుట్టులో చిన్న తెల్ల ఉన్ని పువ్వు. ఫొటోగ్రాఫర్‌ది నిజామాబాద్. కెమెరా దించి, "అన్నా, గిది పండుగ ఫొటోనా, దవాఖాన ఫొటోనా?" అన్నాడు.

"ఈ ఏడు అలంకారం లేదేం దీదీ?"

"అమ్మ పోయింది భయ్యా. నాకు సెలవు దొరికేసరికి అక్కడ అంతా అయిపోయింది." పువ్వును వేలితో తాకి చూపించింది. "ఇది అమ్మ కోసం. గడువు తీరేదాకా తియ్యకూడదు. ఈ ఏడు నాకు పండుగ లేదు."

ఆ మాట నాకు అర్థం కాలేదని చెప్పుకోలేను. మావైపూ చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పండుగ చెయ్యరు. మాది చర్చికి వెళ్ళే ఇల్లే అయినా, పక్కింట్లో అలాంటి ఏడు వస్తే మా అమ్మ వాళ్ళకు పిండివంటలు పంపేది. కానీ సాయంత్రానికి పేజీ వెళ్ళాలి.

"ఒక్క నిమిషం దీదీ. ఫొటో కోసమే. ఇక్కడ ఎవరు చూస్తారు?"

దీదీ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "నేను కాదననని తెలిసే అడుగుతావు నువ్వు" అని లోపలికి వెళ్ళి, ఎవరిదో ఎర్ర చొక్కా వేసుకుని వచ్చింది. పువ్వు తీసి జేబులో పెట్టుకుంది. గోడకు కాగితాలు నేనే అంటించాను. ఇంటికి దూరంగా ఉన్నా సంబరంగా పండుగ చేసుకుంటోందని ఫొటో కింద రాసింది కూడా నేనే.

ఆమె ఊరివాడే ఒక టైల్స్ వ్యాపారి ఆ ఫొటోను ఫోన్లో ఊరికి పంపాడు. గొప్పగా ఉందనే పంపి ఉంటాడు. ఆమె అన్న చూశాడు.

కొద్దిరోజులకు దీదీ మా ఆఫీసు కింద నిలబడి ఉంది. పైకి రమ్మంటే రాలేదు.

"అమ్మ మట్టి ఆరకముందే ఎర్రబట్ట కట్టావు, సమాధి దగ్గరికి రావద్దు అన్నాడు అన్న. వసంతంలో సమాధులు శుభ్రం చేసే రోజు ఉంది కదా, పోయినేడు నువ్వే రాశావు. దానికోసం సెలవు అడిగి పెట్టుకున్నాను భయ్యా. నేను చెబితే అన్న నమ్మడం లేదు. నువ్వే వేసుకోమన్నావని పేపర్లో ఒక్క మాట రాయి."

"ఎడిటర్‌తో మాట్లాడతాను దీదీ."

మాట్లాడలేదు. రాస్తే ఉద్యోగం పోతుంది, పిల్లలతో ఇంటిదారి పట్టాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నా భార్య ఉద్యోగం మీద అందరం అక్కడే ఉండొచ్చు. నా పేరు పోతుందని భయం, అంతే. ఆమె అడిగిన ప్రతిసారీ "ఈ వారం" అన్నాను. తర్వాత ఆ వీధికి వెళ్ళడమే మానేశాను. సమాధుల రోజు వచ్చి వెళ్ళిపోయింది. దాని మీద ఫీచర్ కూడా రాశాను, వేరేవాళ్ళని అడిగి.

మరుసటి ఏడు పత్రిక పనిమీద దుక్మ్ వెళ్ళాను. అక్కడ ఒక చైనా కంపెనీ క్యాంపు మెస్‌లో, ఆవిరి మధ్య వంట చేస్తూ దీదీ కనిపించింది.

"పేపర్ భయ్యా! మస్కట్‌లో అబద్ధాలు అయిపోయాయా?"

"ఊరికి వెళ్ళావా దీదీ?"

"ఎక్కడికి వెళ్ళను? ఫోన్ చేస్తే అన్న మాట్లాడతాడు. అమ్మ దగ్గరికి మాత్రం వద్దంటాడు."

"ఇప్పుడే చెయ్యి. నేను చెబుతాను."

వీడియో కాల్ కలిపింది. ఫోన్లో నెరిసిన జుట్టుతో ఒక మనిషి కనిపించాడు. నేను హిందీలో మొదలుపెట్టాను. మా పేజీల పద్ధతి, ఆ రోజు తొందర, ఎడిటర్... దీదీ ఒక్క ముక్కా ఆయనకు చెప్పలేదు. ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

"అన్నకు సరే. నాకు చెప్పావా, తప్పయిందని?"

చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫోన్లోంచి ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు.

"అమ్మ పోయిందని నువ్వు చెప్పాక కూడా ఆ చొక్కా వేయించాను దీదీ. నువ్వు సాయం అడిగితే దాక్కున్నాను. నన్ను క్షమించు."

ఆమె కొంగు లాంటి ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుని, ఫోన్ మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు చెప్పు. నెమ్మదిగా. ఎడిటర్ సంగతి వద్దు."

"మీ చెల్లెలు అమ్మను మరిచిపోలేదు" అన్నాను. ఆమె దాన్ని తన భాషలో చెప్పేదాకా ఆగాను. "వద్దంటున్నా నేనే వేయించాను. తప్పు ఆమెది కాదు, నాది. మీ ఇంటి దుఃఖాన్ని అవమానించాను. నన్ను క్షమించండి."