వాషింగ్ మెషిన్‌లో చింతపండు

చైతన్యపురి వెనక వీధిలో మా అపార్ట్‌మెంట్. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు తాగడానికీ వంటకీ సరిపోతాయి. మిగతా అన్నిటికీ బోరు నీళ్లే. అవి తగిలిన ప్రతిదానికీ తెల్లగా ఉప్పు పడుతుంది. షవర్‌లో సగం కన్నాలు పూడిపోయాయి, తక్కిన సగం గోడకు స్నానం చేయిస్తాయి. గీజర్ వేడెక్కేటప్పుడు లోపల ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు చప్పుడు.

ఈ ఉప్పు సంగతి మావారు చూసుకునేవారు. నీళ్లలో ఎంత ఉప్పుందో చెప్పే మీటరొకటి పెన్నులా జేబుకు పెట్టుకుని తిరిగేవారు. ఒక పెళ్లిలో ఆడపిల్లవాళ్లు ఇచ్చిన మంచినీళ్లలో దాన్ని ముంచారు. అది జ్వరం చూసేదనుకుని పెళ్లికూతురి మేనత్త, "నీళ్లకు పాణం బాగలేదా అన్నా?" అని అడిగింది.

ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ తర్వాత వాషింగ్ మెషిన్‌ని ఎవరూ శుభ్రం చెయ్యలేదు. అందులో నీళ్లు వేడెక్కడం మానేశాయి. హీటర్‌కు ఉప్పు మందంగా పట్టిందనీ, కొత్తది కొనుక్కోవడమే మేలనీ మెకానిక్ చెప్పి వెళ్లాడు. హయత్‌నగర్‌లో ఉండే మరిదికి ఈ మాట తెలిసింది. ఆదివారం కొత్త మెషిన్ తెచ్చి, పాతది అదే బండిలో పంపించేస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, అందుకే వద్దనలేకపోయాను. అది ఇనుమూ ప్లాస్టిక్కూ అని నాకు తెలుసు. కానీ ఆయన ఏరి కొన్నది. దాన్ని గడప దాటించడానికి మనసు రాలేదు. అత్తమ్మకు కొత్తదాని మీద మోజేమోనని నేను నోరెత్తలేదు.

ఆదివారం పొద్దున వంటింట్లోకి వెళ్తే అత్తమ్మ పెద్ద బేసిన్‌లో చింతపండు పిసుకుతోంది.

"ఇంత చింతపండా? ఎవరొస్తున్నారు అత్తమ్మా?"

"ఎవరొస్తలేరు. మిషిన్‌కు. ఇత్తడి బిందెకు వట్టిన ఉప్పు చింతపండుతోని పోదా? గిది గూడ బిందెనే. మూతి పక్కకున్నది, అంతే."

నేను స్టవ్ మీద నీళ్లు పెట్టాను.

మరుగుతున్న పులుసు మెషిన్‌లో పోసి తలుపు మూశాం. వడకట్టాలని ఇద్దరికీ తోచలేదు. డ్రమ్ము తిరగగానే చింతగింజలు గలగలమన్నాయి. తలుపు అద్దం వెనక గోధుమరంగు నురగ ఎగిరెగిరి పడింది.

"బతుకమ్మ ఆడుతున్నది సూడు," అంది అత్తమ్మ.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాను. అత్తమ్మ చూసింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరం వేరే వేరే గోడల వైపు తిరిగాం. అంతలో మెషిన్ గుర్రుమని ఆగిపోయింది. నీళ్లు కిందికి పోవడం లేదు. గింజలు అడ్డం పడి ఉంటాయని కింది ఫిల్టర్ మూత తిప్పాను. పులుసంతా నా ఒళ్లో పడి, బాల్కనీలోకి పారి, అక్కడి తూము గుండా కిందికి దూకింది.

"అమ్మాయ్!" కింది ఫ్లోర్‌లో ఉండే గుంటూరు పిన్నిగారి కేక. "మీ ఇంట్లోంచి మా మొక్కల మీద చారు పడతా ఉంది! పోపు పెట్టలేదేంటమ్మా?"

అప్పుడు ఇక ఆగలేదు. నేను తడి నేల మీదే కూలబడ్డాను. అత్తమ్మ తలుపు పట్టుకుని వంగిపోయి, "పోపు... పోపు..." అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లు ఇన్ని నెలలుగా తుడుచుకుంటూనే ఉంది, కానీ ఇది వేరు.

ఫిల్టర్‌లో గింజలతో పాటు తెల్లటి పెచ్చులు వచ్చాయి, గుడ్డు పెంకుల్లా. చేతినిండా తీశాను. మూత బిగించి, ఖాళీ మెషిన్‌ని వేడినీళ్ల సెట్టింగులో పెట్టి వదిలాం.

ఇల్లు తుడవడం ఇంకా అయిపోలేదు, మరిది వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందే అమ్మా గీ వాసన? వదినా, ఏమైంది మీకు?"

మేం చెప్పబోయి మళ్లీ నవ్వాం. అతను భయపడ్డాడు. పిచ్చి పట్టిందనుకున్నాడో ఏమో, మెల్లగా మాట్లాడాడు.

"కింద ట్రాలీ ఆటో నిలవడ్డది. పాతది దించాలె."

"దించే ముందు జర అద్దం మీద చెయ్యి పెట్టు," అంది అత్తమ్మ.

పెట్టాడు. మేము నవ్వడం మానేశాం. అతను చెయ్యి తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టాడు.

"కాలుతున్నదే!"

"కాలదా మరి? కిలో చింతపండు మింగింది."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆపైన బాల్కనీలోకి వెళ్లి కిందికి వంగాడు.

"అన్నా! కొత్తది వాపస్ తీస్కపో! పాతది ఇస్తలేరు!"

"ఎవరిస్తలేరు?" కింద నుంచి ట్రాలీ అతను.

"మా అమ్మ!"

అత్తమ్మ నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఊపాను, నేను కూడా ఇవ్వనన్నట్టు.

"వదిన గూడ ఇస్తలేదని చెప్పురా," అంది.