జాగ పట్టుడు

మంచిర్యాల, 1996. ఆఫీసు ఎదుట ఆగిన చెన్నూరు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసి, ఆపరేటర్ కొండల్ మళ్లీ కంప్యూటర్ గదికి వచ్చాడు. మెషీన్ ఆపే ముందు, అందరూ వాడే ఫైళ్ల డైరెక్టరీని దాని నుంచి విడదీయాలి. ఎవరైనా అందులో ఫైలు తెరిచి ఉంచితే అది విడిపోదు, ‘బిజీ’ అంటుంది. ఏళ్లుగా రోజూ ఇదే పీడ.

కాళ్లీడ్చుకుంటూ గదులన్నీ తిరిగితే, ఆ మెషీన్‌కే కలిపిన లింగారావు సార్ టెర్మినల్ తెర వెలుగుతూ కనిపించింది. కుర్చీ ఖాళీ. ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.

“సార్, ఫైలు బంద్ చెయ్యకుంటనే పోయిండ్రా?”

“కావాలనే ఉంచిన. బంద్ చేస్తే పొద్దుగాల నా జాగల ఇంకొకడు కూసుంటడు గద!”

“మనిషే లేకపాయె, జాగ ఎందుకు సార్?” అని విసుక్కుని, ఆ ఫైలు తానే మూసి, అన్నీ ఆపి బయటికి వచ్చాడు.

బస్సు వెళ్లిపోయింది. కిటికీ పక్క సీటులో కొండల్ తువ్వాల ఒక్కటే చెన్నూరు పోతోంది.